ముందు బల్ల, వెనక బల్ల

రాండి, ఇట్లా దగ్గరికి రాండి. చాప ఇంకా ఇవతలికి లాగండి, గచ్చు చల్లగా ఉంది. నాగేశ్వరీ, ఆ పలక పక్కన పెట్టు. వెనకున్నోళ్లు గోడకు ఆనుకోవద్దు, చొక్కాలకు సున్నం అంటితే మీ అమ్మలు నన్నంటారు. కూర్చున్నారా? సరే.

ఈ రోజు ఒక గురువు కథ. గురువంటే గడ్డం, కమండలం, పులిచర్మం అనుకుంటారేమో. ఈ గురువుకు గడ్డం ఉంది గానీ కమండలం లేదు. కమండలం ఉండాల్సిన చేతిలో స్క్రూడ్రైవర్ ఉండేది.

నంద్యాలలో బస్టాండు వెనక ఒక సన్న సందు. ఆ సందులో షేక్షావలి అంగడి. ఊరంతా ఆయన్ను ఉస్తాద్ అనే పిలిచేది. రేడియోల కాలంలో రేడియోలు బాగుచేశాడు. టీవీలొచ్చాక టీవీలు. కంప్యూటర్లు వచ్చేసరికి వయసు యాభై దాటింది. అయినా పుస్తకం ముందు పెట్టుకుని, కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, అవీ నేర్చుకున్నాడు. మాట మాత్రం తక్కువ మనిషి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆయన మాట్లాడిందంతా ఒక పోస్టుకార్డు మీద పడుతుంది, ఇంకా కొంచెం చోటు మిగులుతుంది.

అంగట్లో రెండు బల్లలు. ముందు బల్ల వీధివైపు. గిరాకీ వచ్చి నిలబడేది దాని ఎదురుగానే. అక్కడ ఉస్తాద్ కూర్చునేవాడు, కుడిచేతి పక్కన ఆయన టీ గ్లాసు. వెనక బల్ల లోపల, గోడవారగా. పని నేర్చుకునేవాళ్ల చోటు అది. ఎవరి పని కుదిరిందని తోస్తే వాళ్లను ఉస్తాద్ ముందు బల్లకు జరిపేవాడు. సర్టిఫికెట్టు లేదు, పూలదండ లేదు. ముందు బల్ల దగ్గర కూర్చున్నారంటే పనివాళ్లయినట్టే. నలభై ఏళ్లలో అట్లా కూర్చున్నవాళ్లు నలుగురు. ఆ నలుగురికీ ఇప్పుడు నాలుగు ఊళ్లలో సొంత అంగళ్లున్నాయి.

ఐదో మనిషి తానే కావాలని సుంకులమ్మ ఆశ.

సుంకులమ్మకు ఇరవై నాలుగేళ్లు. డిప్లొమా చదివింది. మూడేళ్లుగా వెనక బల్ల దగ్గరే ఉంది. చెయ్యి చాలా మంచిది. కళ్లు మూసుకుని స్క్రూ పట్టుకుంటే, అది ఏ కంప్యూటరు పెట్టెలో ఏ మూలదో చెప్పేది. ఒక్కటే గుణం. గిరాకీ గడపలో నిలబడి "అమ్మా, నిన్న మా కంప్యూటరు..." అని మొదలుపెట్టాడో లేదో, వెనక నుంచి కేక వినబడేది.

"తెలుసు తెలుసు, ఆడ పెట్టిపోండి!"

వాళ్లు గడప దిగకముందే మూత ఊడిపోయేది. సగం సార్లు ఆమెకు నిజంగానే తెలిసేది కూడా. తంటా అంతా అక్కడే వచ్చింది.

ఇంట్లో అన్న మద్దిలేటి. విత్తనాల కంపెనీలో ప్యాకింగు దగ్గర సూపర్‌వైజరు. చెల్లెలంటే ప్రాణం, ఓపిక అంటే పడదు. ఒకరోజు అన్నం తింటూ తింటూ తేల్చేశాడు.

"మూడేండ్లాయె మే. ఇంగా ఆ ముసలాయన ఎనకాల స్క్రూలేరుకుంటాండావు. మా కంపెనీలో ఒక జాగా ఖాళీ అయింది. సంచులు కుట్టే మిషను కాడ. సోమవారం చేరాల."

"నాకు పనొచ్చు కదన్నా."

"వస్తే ఆయనేంటికి ముందుకు జరపలేదు?"

సుంకులమ్మ ముద్ద నోట్లో పెట్టుకుంది, నమలలేదు.

"శనివారం దాంకా చూస్తా," అన్నాడు మద్దిలేటి. "అప్పటికీ ఎనక బల్లే అయితే, సోమవారం నా బండెక్కు. నీ మేలుకే చెప్తాండా."

సంచులు కుట్టడం తక్కువ పనేం కాదు. కాని మూడేళ్లుగా పెట్టెలు విప్పడం మరిగిన చేతులకు అది రుచించే మాట కాదు. మర్నాడు బుధవారం. అంగడి తలుపులు తెరవగానే సుంకులమ్మ ముందు బల్ల ఎదుట నిలబడింది, గిరాకీ నిలబడినట్టు.

"ఉస్తాద్, ఒకటడుగుతా. నాకేం తక్కువ?"

ఉస్తాద్ ఒక పాత రేడియో లోపలికి చూస్తున్నాడు. చూస్తూనే ఉన్నాడు.

"ముందు బల్లకు నేనెప్పుడొస్తా?"

ఆయన తల ఎత్తాడు. "శనివారం కృపావరం సారొస్తాడు. ఆయన పెట్టె నువ్వు కట్టు బేటీ. మొదట్నుంచి చివరి దాకా. నేను చెయ్యి పెట్టను."

మళ్లీ రేడియోలోకి వంగాడు. అడిగినదానికి అది జవాబో కాదో సుంకులమ్మ ఆలోచించలేదు. శనివారం పెట్టె లేచి కూర్చుంటే చాలు, బల్ల తనదే అనుకుంది. మీరైనా అట్లాగే అనుకుంటారు.

కృపావరం సారు రిటైరైన బడిపంతులు. మిట్టకొట్టాలలో పాత పాలకేంద్రం గది ఒకటి ఖాళీగా పడుంటే, దాన్ని ఊడ్చి, బెంచీలు వేసి, పుస్తకాలు పెట్టి చదువులగది చేశాడు. ఊరివాళ్లు తలా కొంత వేసి కంప్యూటరు కూడా పెట్టమన్నారు. తలా కొంత ఎంతవుతుంది? కొత్త పెట్టె ధరలో మూడోవంతు కూడా రాలేదు. ఆయన అది దాచుకోకుండా ముందే చెప్పాడు.

"అంబారీ కట్టే ఏనుగు వద్దు భాయ్. మూట మోసే గాడిద చాలు. కాకుంటే దారిలో కూలబడగూడదు."

అందుకని ఉస్తాద్ అలమార తెరిచి, ఒక్కొక్కటే తీసి వెనక బల్ల మీద పెట్టాడు. మూతపడ్డ ఒక ఆఫీసులోంచి వచ్చిన మదర్‌బోర్డు, దాని మీదనే ప్రాసెసర్. చేస్తున్న పనిని అప్పటికప్పుడు గుర్తుంచుకునే ర్యామ్ పెట్టడానికి ఆ బోర్డుకు రెండు గాళ్లు ఉండాలి గానీ, ఒకటి ఎప్పుడో విరిగింది, మిగిలింది ఒక్కటే. ఆ గాడికి సరిపోయే పాత ర్యామ్ పట్టీ ఒకటి. తుప్పు గీకి రంగేసిన క్యాబినెట్, పాత మానిటర్, కీబోర్డు. కొత్తవి రెండే రెండు. ఫైళ్లు దాచుకునే ఎస్ఎస్‌డి, అన్నిటికీ కరెంటు పంచే పవర్ సప్లై.

"మిగతావి పాతవైనా నడుస్తాయి. కరెంటిచ్చే డబ్బా మటుకు కొత్తదుండాల," అన్నాడు ఉస్తాద్.

ఆ వారానికి అదే ఆయన పెద్ద ఉపన్యాసం.

ఇక పెట్టెను లోపలినుంచి నడిపేది లినక్స్. ఆ సందులో తక్కిన అంగళ్లవాళ్లు కొనాల్సిన సాఫ్ట్‌వేర్‌కు దొంగ కాపీలు ఎక్కించి ఇచ్చేవాళ్లు. ఉస్తాద్ ఒప్పడు. "ఐదుపూటలా నమాజుకు కడుక్కునే చేతులు," అనేవాడు, అంతే. లినక్స్ అంటే ఏమిటంటారా? ఊరు ఊరంతా తలా ఒక తట్ట మన్ను మోసి తవ్వుకున్న బావి అనుకోండి. ఎవరైనా తోడుకోవచ్చు. ఎన్ని బిందెలు తీసుకుపోయారని ఎవరూ అడగరు. పైగా అది బక్క ఎద్దును కూడా ముల్లుకర్ర లేకుండా నడిపిస్తుంది. పాత బోర్డుకు, పేద చదువులగదికి అంతకంటే ఏం కావాలి?

అన్నీ పెట్టాక ఉస్తాద్ బిస్కెట్ల డబ్బా మూత తీసి, అందులోంచి ఒక చిన్న వస్తువు వెతికి తీశాడు. చొక్కా గుండీ అంత నల్లటి బిళ్ల, తోకలాగా రెండు తీగలు. దాన్ని మదర్‌బోర్డుకు తగిలిస్తే, పెట్టె మేల్కొనేటప్పుడు కూత వేస్తుంది. లోపల ఏదైనా తేడా వస్తే ఇంకో రకంగా కూస్తుంది.

సుంకులమ్మ నవ్వేసింది. "ఇది మా తాతల నాటిది ఉస్తాద్. ఇప్పుడెవరు పెట్టుకుంటాండారు? కీచుమని కూసేదానికి తప్ప దేనికీ పనికిరాదు."

వేలితో పక్కకు నెట్టింది. ఉస్తాద్ బిళ్లను తీసి జేబులో వేసుకున్నాడు.

శనివారం వచ్చింది. కృపావరం సారు పది గంటల బస్సుకే దిగాడు. పెట్టె కట్టుకుపోవడానికి ఇంటినుంచి పాత దుప్పటి తెచ్చుకున్నాడు. వెనక బల్ల పక్కన ముక్కాలి పీట వేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పరీక్ష హాలులో నిలబడి అలవాటైన మనిషి కదా, చూడటం బాగా తెలుసు.

సుంకులమ్మ చేతులు చూస్తే మీరు కూడా ముచ్చటపడేవాళ్లే. క్యాబినెట్ పడుకోబెట్టింది. బోర్డు దించింది. స్క్రూలు మూలమూలకు బిగించింది. తీగలు జడ అల్లినట్టు అల్లి వెనక్కి తోసింది. ఇక ర్యామ్ పట్టీ. దాని అంచున బంగారు రంగు పళ్లు వరసగా ఉంటాయి. పాతబడితే అవి మసకబారతాయి. అందుకు రిపేరు అంగళ్లలో అందరూ చేసేది ఒకటుంది. పెన్సిల్ రబ్బరుతో ఆ పళ్లను రుద్దుతారు. ఆ, మీ జామెట్రీ డబ్బాల్లో ఉండే రబ్బరే! రుద్దితే పళ్లు తళతళమంటాయి.

బల్ల మీద చోటు లేదు. సుంకులమ్మ పట్టీని ఎడమచేత్తో పట్టుకుని, తెరిచి ఉన్న పెట్టె మీదనే వంగి, కరకరా రుద్దింది. గాడిలో పెట్టి నొక్కింది. టక్కుమంది.

"అయిపోయింది సారు. చూడండి ఇంగ," అంటూ బటన్ నొక్కింది.

ఫ్యాను తిరిగింది. ఎర్రదీపం వెలిగింది. మానిటర్ మాత్రం నల్లగా, అట్టు మాడిన పెనంలా ఉండిపోయింది.

"ఏమైందమ్మా?"

"ఏం లేదు సారు. పాత ర్యామ్. ఇంగొంచెం రుద్దాల."

పట్టీ ఊడదీసింది. మళ్లీ పెట్టె మీదికి వంగి, ఇంకాస్త గట్టిగా రుద్దింది. పెట్టింది. ఫ్యాను తిరిగింది. మానిటర్ నల్లగానే ఉంది.

"అమ్మా, నేనొకటి..." అన్నాడు కృపావరం.

"ఉండండి సారు, నాకు తెలుసు."

మానిటర్ తీగ మార్చింది. ప్రాసెసర్ మీది ఫ్యాను విప్పి, వేడిని లాగే పాత పేస్టు తుడిచి, కొత్త పేస్టు పూసింది. రబ్బరు తీసింది, రుద్దింది, పెట్టింది. నల్లగానే ఉంది.

పన్నెండయింది. సందులోంచి మద్దిలేటి బండి మీద పోతూ బ్రేకు వేశాడు. గడపలోంచే తొంగిచూశాడు.

"ఏం మే, అయిందా నీ విమానం?"

"పోన్నా నువ్వు!"

"పోతా పోతా. సోమవారం ఎనిమిదింటికి తయారుగా ఉండు." ముందు బల్ల వైపు తిరిగి చెయ్యి ఎత్తి, "సలాం ఉస్తాద్," అని మర్యాదగా అని, బండి ముందుకు పోనిచ్చాడు.

ఉస్తాద్ చెయ్యి గుండె మీద పెట్టుకుని తల వంచాడు. సుంకులమ్మ మాత్రం ఆ మాటకు చెవులు కాలిపోతుంటే మళ్లీ మొదట్నుంచి అన్నీ విప్పింది. అన్నీ బిగించింది. పట్టీ పళ్లు ఎంత రుద్దిందంటే, వాటిలో తన ముఖం కనబడుతోంది.

"సుంకులమ్మా, ఒక్క మాట చెప్పనీ..."

"సారూ, మీకు దండం పెడతా. మీరు టీ తాగండి. ఇది మీకు తెలిసే పని కాదు."

కృపావరం తల ఊపాడు. చిన్నబుచ్చుకోలేదు. దుప్పటి మడత విప్పి మళ్లీ మడిచాడు. ఆయన టీ ఎప్పుడో తాగేశాడు.

రెండు గంటలకు సుంకులమ్మ చేతులు దించేసింది. ముంగురులు నుదుటికి అతుక్కున్నాయి. బటన్ నొక్కింది, ఫ్యాను తిరుగుతూనే ఉంది, ఆ తిరగడం చూస్తుంటేనే ఆమెకు ఒళ్లు మండింది. ముందు బల్ల వైపు తిరిగింది.

"ఉస్తాద్, మీరిచ్చిన బోర్డే చచ్చింది. నా పనిలో తప్పేం లేదు. పొద్దున్నుంచి అన్నీ చేస్తి. ఇది ఉలకదు, పలకదు."

పొద్దున్నుంచి ఒక్కసారి కూడా వెనక్కి తిరగని ఉస్తాద్ అప్పుడు లేచాడు. సుంకులమ్మ జరిగి చోటిచ్చింది, ఆయన స్క్రూడ్రైవర్ అందుకుంటాడేమోనని అది కూడా చాపింది. ఆయన దాన్ని తీసుకోలేదు. జేబులో చెయ్యి పెట్టి, ఆ గుండీ అంత నల్లబిళ్ల తీసి, దాని రెండు తోకలనూ బోర్డు అంచున తగిలించాడు. మళ్లీ బటన్ నొక్కాడు.

కూ...య్. కూ...య్. కూ...య్.

పొడుగ్గా, ఆగి ఆగి, ఆకలేసిన పసిబిడ్డలాగా పెట్టె ఒకటే అరుపు. సందులో పోయే ఒక పూలామె నిలబడి లోపలికి చూసింది. కృపావరం పీట మీద నిటారుగా కూర్చున్నాడు.

"పొద్దున్నుంచి అరుస్తానే ఉంది బేటీ," అన్నాడు ఉస్తాద్. "నోరు నువ్వు పెట్టలేదు."

ఉస్తాద్ అలమారలోంచి ఆ బోర్డుతో వచ్చిన పుస్తకం తీసి ఆమె ముందు పెట్టాడు. ప్రతి బోర్డు పుస్తకమూ ఆయన దాచి ఉంచేవాడు. కూతల పట్టిక వెనక పేజీలో ఉంది. ఆమె వేలు పెట్టి చదివింది. పొడుగు కూత ఆగకుండా వస్తుంటే, ర్యామ్ అందడం లేదని అర్థం.

"ర్యామే!" అంది సుంకులమ్మ. ప్రాణం లేచొచ్చింది. "నేను చెప్పలేదా? పళ్లే అంటుకోలేదు!"

కరెంటు ఆపింది. పట్టీ ఊడదీసింది. అలవాటుగా కుడిచెయ్యి రబ్బరు మీదికి పోయింది.

ఉస్తాద్ ఆ చెయ్యి పట్టుకోలేదు. ఆమె వైపు చూడను కూడా లేదు. పీట వైపు తిరిగి అడిగాడు.

"సారూ, పొద్దున్నుంచి మీరేదో చెప్పాలని చూస్తాండారు."

కృపావరం మొహమాటపడ్డాడు. "ఏం లేదు భాయ్. నాకు కంప్యూటరు తెలవదు. ముప్పై రెండేండ్లు బడిలో పిల్లకాయల నోటుబుక్కులు చూసినోణ్ని. ఆళ్లు రబ్బరుతో రుద్దినాక పేజీ మీద ఉఫ్‌మని ఊదుతారు గదా. ఈ పాప రుద్దుతాంది గానీ ఊదడం లేదు. ఆ రబ్బరు పొట్టంతా యాడికి పోతాందో అని..."



సుంకులమ్మ చేతిలోని రబ్బరు వైపు చూసింది. పొద్దున అది కొత్త రబ్బరు. ఇప్పుడు సగమే ఉంది. మిగతా సగం ఎక్కడికి పోయింది? మెల్లగా టార్చి తీసింది. పెట్టె మీద వంగి, ర్యామ్ దిగే గాడిలోకి వెలుగు వేసింది.

గాడి నిండా తెల్లటి పొట్టు. సన్నగా, నలిగి నలిగి, కొబ్బరి కోరులా. పట్టీ దిగినప్పుడల్లా దాన్ని ఇంకాస్త లోపలికి కూరింది. అది మురికి చేసింది కాదు. మురికి తీయడానికి తాను రుద్దిన రుద్దుడే అదంతా.

ముందు నవ్వింది ఎవరో తెలుసా? సుంకులమ్మే. చేతిలో టార్చి ఊగేటంత నవ్వు. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వి, పైటచెంగుతో తుడుచుకుంది. ఆ నీళ్లలో నవ్వువి ఎన్నో, వేరేవి ఎన్నో నాకు తెలియదు. కృపావరం కూడా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కిలకిలా నవ్వాడు. ఉస్తాద్ నవ్వలేదు గాని ఆయన గడ్డం కొంచెం కదిలింది.

"బుద్ధి తక్కువ పని చేసినా సారూ. చెప్పనీయక పోతి."

"పోన్లేమ్మా. బడిలో నేను గూడ శానామందిని చెప్పనీయలేదు."

రంగులేసే సన్న బ్రష్షు తీసి, గాడిని మెల్లగా ఊడ్చింది. బోర్డు మొత్తం విప్పి, తలకిందులు చేసి, వెనక తట్టింది. రబ్బరు పొట్టు బల్ల మీద చిన్న కుప్పయింది. పట్టీని ఈసారి రుద్దలేదు. గాడిలో పెట్టి నొక్కింది. అన్నీ బిగించింది. బటన్ మీద వేలు పెట్టి ఒక్క క్షణం ఆగింది.

కుయ్.

ఒక్కటే కూత, పొట్టిది. బాగున్నానని చెప్పినట్టు. మానిటర్ మీద అక్షరాలు లేచాయి.

తర్వాతి పని సుంకులమ్మకు కొట్టిన పిండి. పెన్‌డ్రైవ్ పెట్టింది, లినక్స్ ఎక్కించడం మొదలుపెట్టింది. మామూలుగా అయితే ఈలోపు ఇంకో పెట్టె మూత తీసేది. ఆ రోజు తియ్యలేదు. ఇంకో పీట లాక్కుని కృపావరం పక్కన కూర్చుంది.

"సారూ, మీ చదువులగదికి ఎవరెవరొస్తారు?"

"ఎవరెవరా?" పొద్దున్నుంచి ఆయన్ను ఎవరూ ఏమీ అడగలేదు కదా, ఒకసారి అడిగేసరికి వరదలా వచ్చింది. ఉద్యోగాల దరఖాస్తులు పెట్టుకునే ఆడపిల్లలు ముగ్గురు వస్తారు. అచ్చమ్మ అని ఒకామె, కన్ను మసక, అయినా తన పట్టా కాగితం తానే చదువుకోవాలని పట్టు. ఇద్దరు గొర్రెలకాపరులు వానల సంగతి చూసుకోవడానికి వస్తారు, వాళ్లకు ఇంగ్లీషు రాదు. కరెంటు రోజుకు నాలుగుసార్లు పోతుంది.

సుంకులమ్మ వింటూ వింటూ కాగితం మీద రాసుకుంది. తెలుగు కీబోర్డు పెట్టింది. అక్షరాలు ఇంత లావు చేసింది. తెర మీద మొత్తం తెలుగులోనే కనబడేట్టు మార్చింది. కరెంటు ఉన్నట్టుండి పోతే రాసింది పోకుండా ఎప్పటికప్పుడు దాచుకునేట్టు చేసింది. చివర్న ఒకటి మిగిలింది. లినక్స్ లేచేటప్పుడు లోపల ఏం జరుగుతోందో వరుసలు వరుసలుగా తెర మీద పరుగెత్తుతుంది. గిరాకీలు బెదరకుండా, సుంకులమ్మ ఎప్పుడూ వాటిని దాచేసి, పైన ఒక బొమ్మ పెట్టేది. ఆ పూట పెట్టలేదు.

"ఇదేందమ్మా, గబగబా ఏదో రాసుకుంటా పోతాంది?" కృపావరం అడిగాడు.

"అది చేసే పని చెప్పుకుంటాంది సారూ. ఎప్పుడైనా ఆగిపోతే, ఆ చివరి వరస నాకు ఫోన్లో చదవండి. చాలు."

"నాకు చదవడమైతే వచ్చు," అన్నాడాయన గంభీరంగా.

రెండు వేళ్లతో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, మి-ట్ట-కొ-ట్టా-ల అని కొట్టాడు. లావుపాటి అక్షరాల్లో తన ఊరి పేరు తెర మీద చూసి, కళ్లద్దాలు తీసి తుడిచి పెట్టుకుని, మళ్లీ చూశాడు. తర్వాత పెట్టెను దుప్పటిలో, చంటిపిల్లను చుట్టినట్టు చుట్టి, ఐదింటి బస్సుకు బయల్దేరాడు. సుంకులమ్మ మానిటర్ మోసుకుని బస్సు దాకా వెళ్లి, ఆయన ఒళ్లో పెట్టి వచ్చింది.

తిరిగొచ్చేసరికి ముందు బల్ల ఖాళీగా ఉంది. ఉస్తాద్ చేతులు కడుక్కుని సాయంత్రం నమాజుకు వెళ్లాడు. బల్ల మీద టీ గ్లాసు ఒక్కటే ఉంది.

సుంకులమ్మ ముందు బల్ల వైపు చూసింది. ఇక అడగబుద్ధి కాలేదు. నాకేం తక్కువ అని బుధవారం అడిగింది. దానికి జవాబు వెనక బల్ల మీద తెల్లగా, చిన్న కుప్పగా ఉంది. ఆమె దాన్ని ఊడ్చి కాగితంలో పొట్లం కట్టింది. పారేయబోయి, ఆగి, తన పనిముట్ల సంచిలో వేసుకుంది. సోమవారం ఎనిమిదింటికి అన్న బండి. సరే, సంచులైనా బాగా కుడదాం అనుకుంది. ఆశ్చర్యం ఏమిటంటే, పొద్దున ఉన్నంత బాధ అప్పుడు లేదు. మంచి నిద్ర పోయి లేచినట్టుంది.

అప్పుడే గడపలో ఒక ఆమె నిలబడింది. చంకలో గుడ్డ చుట్టిన ల్యాప్‌టాప్, నుదుటన చెమట.

"ఉస్తాద్ లేడా? ఇది నిన్న సాయంత్రం నుంచి ఆన్ కావడం లేదు పాపా, నేనేమో..."

తెలుసు తెలుసు అన్న మాట సుంకులమ్మ నాలుక చివరి దాకా వచ్చింది. చేతిలో స్క్రూడ్రైవర్ కూడా ఉంది. ఆమె స్క్రూడ్రైవర్ కింద పెట్టింది. పీట తెచ్చి వేసింది. ఎదురుగా తాను కూర్చుంది.

"కూర్చో అక్కా. ముందు నీళ్లు తాగు. నిన్న పొద్దున్నుంచి ఏమైందో చెప్పు."

ఆమె చెప్పింది. చాలా చెప్పింది. మొగుడి సంగతి, మరిది సంగతి, పిల్లి పాలగిన్నె దొర్లించిన సంగతి. సుంకులమ్మ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. పాలగిన్నె దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం కొంచెం ముందుకు వంగింది.

ఉస్తాద్ ఎప్పుడు వచ్చాడో ఇద్దరూ చూడలేదు. గడప దగ్గర చెప్పులు విడిచి, కాసేపు అట్లాగే నిలబడ్డాడు. సుంకులమ్మ తెలియకుండానే కూర్చున్నది ముందు బల్ల దగ్గర, ఆయన కుర్చీలో.

ఆమె తల ఎత్తి చూసి, గబుక్కున లేవబోయింది.

ఉస్తాద్ చెయ్యి ఊపి కూర్చోమన్నాడు. ముందు బల్ల మీది తన టీ గ్లాసు తీసుకున్నాడు. దాన్ని పట్టుకుని లోపలికి నడిచి, వెనక బల్ల మీద పెట్టుకుని, అక్కడున్న ఒక రేడియోను దగ్గరికి లాక్కున్నాడు.

"తర్వాత ఏమైందక్కా?" అంది సుంకులమ్మ.

అదీ కథ. ఏం నాగేశ్వరీ, చెయ్యెత్తావు? సోమవారం ఏమైందా? గ్లాసు ఎక్కడ పెట్టాడో విన్నావు కదా, ఇంకేం కావాలి నీకు? ఇక లేవండి. చాప చుట్టి ఆ మూల పెట్టండి. రొట్టెలు కాలుతున్న వాసన ఇక్కడి దాకా వస్తోంది. ఇంటికి పోయి వేడివేడిగా తినండి. తింటున్నప్పుడు అమ్మ ఏదైనా చెబితే, తెలుసు తెలుసు అనకండి.